"4కె బ్లూరే ప్లేయర్" అని అమ్మాడు, 4కె డిస్క్ పెడితే చేతులెత్తేసింది. కొనేవాళ్ళు జాగ్రత్త

ఒళ్ళు మండిపోతుండగా రాస్తున్నాను, మాట అటూ ఇటూ అయితే సర్దుకోండి. తయారీ ఆగిపోయిన మోడళ్ళని "బ్రాండ్ న్యూ, సీల్డ్ పీస్" అని పెట్టి అమ్ముతాడే, ఆ సెల్లరే. పేరు రాయను. బ్లూరే ప్లేయర్ కోసం వెతికిన ప్రతివాళ్ళకీ మొదటి పేజీలోనే తగులుతాడు కాబట్టి మీలో కొందరికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

పాత ప్లేయర్ లెన్స్ పోయింది. ఇంట్లో 4కె టీవీ ఉంది, దాని కోసం కొన్ని అల్ట్రా హెచ్‌డీ, అంటే 4కె, డిస్కులు కూడా కొని పెట్టుకున్నాం. వీడి పేజీలో "4కె బ్లూరే ప్లేయర్, అన్ని రీజియన్లూ ప్లే అవుతాయి" అని కనిపించింది, అంటే ఏ దేశంలో అమ్మిన డిస్కైనా ఆడుతుందని. కింద ఎవరో "4కె డిస్కులు ఆడతాయా?" అని అడిగితే "పక్కాగా ఆడతాయి" అని వీడి జవాబు కూడా ఉంది. ఇంకేం కావాలి, ఆర్డర్ పెట్టేశాను.

పెట్టె వచ్చింది. ఆన్ చేయగానే అనుమానం రావాల్సింది. కొత్త ప్లేయర్‌ని మొదటిసారి పెడితే భాష ఏది, టీవీ ఏ రకం, నెట్ కలపాలా అని వరసగా అడుగుతుంది. ఇది ఏమీ అడగలేదు, నేరుగా హోమ్ స్క్రీన్‌కి వెళ్ళిపోయింది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూస్తే ఎవరిదో వైఫై పేరు, పక్కన చిన్న తాళం బొమ్మ, భద్రంగా సేవ్ అయి ఉంది. సీల్డ్ పీసట! ఫ్యాక్టరీలో ఎవరో టెస్ట్ చేసి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటి వైఫైతో టెస్ట్ చేస్తారా అని బుర్రకి తట్టలేదు.

పెట్టెలో ఒక రంగుల కార్డు కూడా పడేశాడు. ఐదు స్టార్లు ఇచ్చి ఫోటో పెడితే వారంటీ పొడిగిస్తాడట. అల్ట్రా హెచ్‌డీ సినిమా ప్యాకుల్లో చాలావాటికి రెండు డిస్కులుంటాయి కదా, ఒకటి 4కె, ఇంకొకటి మామూలు బ్లూరే. నా చేతికి ముందు మామూలుది వచ్చింది. పెట్టాను, బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఆ సంతోషంలో ఐదు స్టార్లూ ఇచ్చేశాను. ఫోటోతో సహా. "సూపర్ ప్రొడక్ట్" అని రాశాను కూడా. ఆ రెండు మాటలు ఇప్పుడు చూస్తుంటే నా వేళ్ళు నేనే కొరుక్కోవాలనిపిస్తోంది.

తర్వాత అందరూ కూర్చున్నాక 4కె డిస్క్ పెట్టాను. ట్రే లోపలికి వెళ్ళింది, కాసేపు గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. తర్వాత స్క్రీన్ మీద ఒక్క లైను: ఈ డిస్క్ ప్లే చేయడం కుదరదు. తీసి తుడిచి పెట్టాను, అదే లైను. వేరే 4కె డిస్క్ పెట్టాను, అదే లైను.

ఫోన్ చేశాను. ఎత్తినవాడు ముందు తియ్యగానే మాట్లాడాడు. "కేబుల్ ప్రాబ్లమ్ మేడమ్. 4కెకి గోల్డ్ ప్లేటెడ్ కేబుల్ ఉండాలి, మా దగ్గరే దొరుకుతుంది." నా దగ్గరున్నది సెకనుకి 18 గిగాబిట్లు మోసే ప్రీమియం హై స్పీడ్ హెచ్‌డీఎంఐ కేబుల్. 4కె డిస్కుకి అది చాలు, దానికి బంగారు పూత పూసినంత మాత్రాన బొమ్మేమీ మెరుగవదు. కేబుల్ తేడా చేస్తే తెర నల్లబడుతుంది, లేదా బొమ్మ వచ్చిపోతుంటుంది. ప్లే కుదరదని ప్లేయర్ చెప్పిన ఆ లైను టీవీదాకా వచ్చింది ఈ కేబుల్ లోంచే కదా బాబూ అన్నాను. అవతల చప్పుడు లేదు.

తర్వాత "ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి మేడమ్, వచ్చేస్తుంది" అన్నాడు. ఫోన్ పెట్టకుండానే చేశాను. రాలేదు. అప్పుడు పెట్టె వెనకున్న మోడల్ నంబర్ కంపెనీ సైట్‌లో వెతికి, ఇది మామూలు బొమ్మని 4కెకి సాగదీసే అప్‌స్కేలింగ్ మాత్రమే చేస్తుంది, 4కె డిస్కులు చదవదు, మీరు అబద్ధం చెప్పి అమ్మారు అని చెప్పాను.

దానికి ఆ మహానుభావుడు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "మేడమ్, ఇంట్లో సార్ ఉన్నారా? ఆయనకి ఫోనివ్వండి. ఇది టెక్నికల్ మ్యాటర్, మీకు చెప్పినా అర్థం కాదు."

నాకు నోట మాట రాలేదు. మా ఆయన పక్కనే ఉన్నారు, స్పీకర్లో అంతా వింటున్నారు. టీవీలో ఇన్‌పుట్ మార్చాలన్నా నన్ను పిలిచే మనిషి. ఫోన్ తీసుకుని "బాబూ, ఆవిడకి అర్థం కాకపోతే నాకు అసలే కాదు, ఆవిడతోనే మాట్లాడు" అన్నారు. వాడు సిగ్గుపడాలా వద్దా? వాడు నవ్వి, "అది కాదు సార్, మేడమ్‌గారే ఐదు స్టార్లు ఇచ్చారు, ఫోటో పెట్టారు, సూపర్ అని రాశారు. ఇప్పుడు బాలేదంటే ఎట్లా సార్?" అన్నాడు. నా గురించి నా ముందే, నేను ఆ గదిలో లేనట్టు. వారంటీ కార్డు దేనికి వేశాడో అప్పుడు వెలిగింది నాకు. అది వారంటీ కాదు, ముందే నా చేత రాయించుకున్న రసీదు.

ఫోన్ లాక్కుని, మీ పేజీలో ఏం రాశారో చదివి వినిపిస్తానుండండి అని తెరిచాను. పేజీ మారిపోయింది! మేం మాట్లాడుతుండగానే మార్చారో, ఆ పూటే మార్చారో తెలీదు. "4కె అప్‌స్కేలింగ్ బ్లూరే ప్లేయర్" అని ఉంది. కింద ఆ ప్రశ్నా లేదు, "పక్కాగా ఆడతాయి" అన్న జవాబూ లేదు. "చూశారా మేడమ్, క్లియర్‌గా రాసే ఉంది" అన్నాడు. వాడి ఖర్మ కాలి, ఆర్డర్ మెయిల్‌లో మాత్రం పాత పేరు అలాగే ఉంది. అది చెప్పగానే లైన్ కట్.

నాకు అర్థం కాదన్న ఆ టెక్నికల్ మ్యాటర్ ఏంటో ఇక్కడ రాస్తాను. మామూలు బ్లూరేలో బొమ్మ 1920 బై 1080, అంటే దాదాపు 20 లక్షల చుక్కలు. 4కెలో 3840 బై 2160, అంటే దాదాపు 83 లక్షలు. అప్‌స్కేలింగ్ అంటే ఉన్న 20 లక్షల్ని చూసి మిగతావి లెక్కగట్టి నింపడం. లీటరు పాలల్లో మూడు లీటర్ల నీళ్ళు పోసి నాలుగు లీటర్లని అమ్మడం లాంటిది. పైగా ఆ పని మీ 4కె టీవీ ఎటూ చేస్తుంది, చేయకపోతే పాత సినిమా తెర నిండా రాదు. అంటే వీడు నాకు గొప్పగా అమ్మిన ఫీచర్ నా టీవీలో ఉచితంగా ఉన్నదే.

అసలు 4కె డిస్క్, అంటే 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరే, వేరే సరుకు. మామూలు బ్లూరేలో 25 లేదా 50 జీబీ పడితే, ఇందులో 66, 100 జీబీ డిస్కులు కూడా ఉంటాయి. బొమ్మని హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి పెడతారు, కాపీ కొట్టకుండా వేసే తాళం కూడా వేరు. ఆ డిస్క్‌ని చదివే డ్రైవు, విప్పే చిప్పు, తాళంచెవి, అన్నీ ఉంటేనే బొమ్మ. ఇవి లేని పెట్టెకి ఎన్ని అప్‌డేట్లు చేసినా రావు. నన్నడిగితే చుక్కల లెక్క కంటే హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల్నీ రంగుల్నీ ఇంకా ఎక్కువగా చూపే పద్ధతి, పెద్ద తేడా. చీకటి సీన్లో దీపం వెలుగు, ఆకాశంలో రంగు మారడం, అవి 4కె డిస్కులో తెలిసినంతగా మామూలు బ్లూరేలో తెలియవు. నేను డబ్బు పెట్టింది దానికోసమే.

"అన్ని రీజియన్లూ" అన్నదీ సగం అబద్ధమే. డీవీడీ రీజియన్లకి నంబర్లుంటాయి, మనది 5. బ్లూరేకి నంబర్లు కాదు, ఎ, బి, సి అక్షరాలు. అమెరికా, జపాన్‌లది ఎ, యూరప్, ఆస్ట్రేలియాలది బి, భారత్, చైనా, రష్యాలది సి. వీడి పెట్టెలో డీవీడీ తాళం మాత్రమే తీసి ఉంది. బి అని ఉన్న బ్లూరే పెడితే మొహం మీదే వద్దంది. తమాషా ఏంటంటే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ గొడవే లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. దాన్నేమో ఇది చదవనే చదవదు!

ఇలాంటివాళ్ళు ఇప్పుడే ఎందుకు పుట్టుకొస్తున్నారంటే, ప్లేయర్లు తయారుచేసేవాళ్ళు తగ్గిపోయారు. ఒప్పో 2018లో మానేసింది. శాంసంగ్ 2019లో అమెరికాలో కొత్త మోడళ్ళు ఇక తేనంది. ఎల్‌జీ కూడా 2024 చివరికల్లా తప్పుకుంది. పేరున్నవాటిలో పానసోనిక్, సోనీ మిగిలాయి. మంచి పీస్ దొరకడం కష్టమైంది కాబట్టి తిరిగొచ్చిన పెట్టెలకి టేపు వేసి కొత్తవని అంటగడుతున్నారు.

సరే, కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. బాక్స్ మీద "4కె" అన్న మాట చూడకండి, "అల్ట్రా హెచ్‌డీ బ్లూరే" అన్న లోగో ఉందా చూడండి. అప్‌స్కేలింగ్ అన్న మాట ఒక్కటే ఉండి ఆ లోగో లేకపోతే పక్కన పెట్టేయండి. మోడల్ నంబర్ కూడా గుట్టు విప్పుతుంది. సోనీలో యూబీపీ అని మొదలైతే 4కె డిస్కులు ఆడుతుంది, బీడీపీ అయితే ఆడదు. పానసోనిక్‌లో డీపీ-యూబీ అని ఉండాలి. హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్ ఉన్న టీవీ అయితే యూబీ820 తీసుకోండి, యూబీ420లో డాల్బీ విజన్ లేదు. సోనీ ఎక్స్700లో ఉంది గానీ సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. డిస్క్ పెట్టే ప్లేస్టేషన్ 5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ ఇంట్లో ఉంటే అసలు ప్లేయర్ కొనక్కర్లేదు, అవే ఆడతాయి. ప్లేస్టేషన్ 4 ప్రో మాత్రం 4కె అని పేరు మోసినా 4కె డిస్కులు చదవదు.

కొనేముందు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి, ప్రశ్నలూ జవాబులతో సహా. పెట్టె విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. ముందుగా 4కె డిస్కే పెట్టి చూడండి, నల్ల కేసులో వచ్చేది, నీలం కేసులోది కాదు; నల్ల కేసులో రెండు డిస్కులుంటే అల్ట్రా హెచ్‌డీ అని రాసి ఉన్నదే. స్టార్లు తర్వాత.

నా సంగతి ఇంకా తేలలేదు. ప్లాట్‌ఫామ్‌లో కంప్లైంట్ పెట్టి ఆర్డర్ మెయిల్, వైఫై పేరు కనిపిస్తున్న స్క్రీన్ ఫోటో జతచేశాను. "సెల్లర్ స్పందన కోసం ఎదురుచూస్తున్నాం" అని వస్తోంది. ఈలోగా నా ఐదు స్టార్లని ఒక్క స్టార్‌కి మార్చి, జరిగింది రాశాను. కాసేపటికే వాడి దగ్గర్నుంచి మెసేజ్: "మేడమ్, ఆ రివ్యూ తీసేస్తే రీఫండ్ సంగతి మాట్లాడుకుందాం." సార్‌కి ఇవ్వమనలేదు ఈసారి. ఆ మెసేజ్‌నీ స్క్రీన్‌షాట్ తీసి కంప్లైంట్‌కి జతచేశాను.