మా కోర్టు కాపీయింగ్ సెక్షన్: ఒక్క ఆర్డర్ కాపీకి నాలుగుసార్లు తిరిగాం

రేటింగ్: 5కి 2. ఆ రెండూ అక్కడి సూపరింటెండెంట్ గారికి.

మా చెల్లెలి డీవీసీ (గృహహింస) కేసులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మరిది, అంటే చెల్లెలి భర్త, మా అమ్మ ఇంటి ఛాయలకు రాకూడదని మేజిస్ట్రేట్ గారు రాశారు. కానీ రాత్రి పదింటికి వచ్చి తలుపు బాదితే, స్టేషన్‌లో చూపించడానికి చేతిలో కాగితం ఉండాలి కదా!

మొదటిరోజు కౌంటర్లో "అప్లికేషన్ పెట్టుకుని స్టాంపులు అంటించండమ్మా" అన్నారు. రెండోసారి వెళ్తే సంబంధిత గుమస్తా సెలవు. మూడోసారి "ఇంకా ఫెయిర్ కాలేదు" (అంటే శుభ్రమైన ప్రతి తయారు కాలేదు) అన్నారు. వెళ్లిన ప్రతిసారీ చెల్లెలికి సగం రోజు జీతం పోయింది. అదీ పోనీ అనుకుందాం. కౌంటర్ ముందు ఉన్నది ఒకటే బెంచీ. మరిది, వాళ్లన్నయ్య దానిమీదే కూర్చున్నారు. చెల్లెలు గోడవైపు తిరిగి, ఫైలు గుండెలకు హత్తుకుని గంటన్నర నిలబడింది. ఆడవాళ్లకు వేరే చోటు చూపించడం అంత కష్టమా?

నాలుగోసారి లీగల్ సర్వీసెస్ వాళ్లిచ్చిన లాయరమ్మ (ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం) అప్లికేషన్ మీద ఒకే వాక్యం రాసిచ్చారు: గృహహింస చట్టం 2005, సెక్షన్ 24 ప్రకారం ఉత్తర్వు కాపీ పార్టీలకు ఉచితంగా ఇవ్వాలి. సూపరింటెండెంట్ గారు అది చదివి, ఆయనే లోపలికి వెళ్లారు. నాలుగింటికల్లా కాపీ చేతికొచ్చింది. రూపాయి అడగలేదు. ఊదారంగు సీలు ఇంకా తడిగానే ఉంది. ఇదే పని మొదటిరోజే చేసి ఉండొచ్చు. సెక్షన్ నంబరు తెలిసినవాళ్లకే కాగితం దొరకడం నాకు అస్సలు నచ్చలేదు.

వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఆసుపత్రి వైద్య పరీక్ష రిపోర్టు కాపీ కూడా ఉచితమే, అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసుకు ఇచ్చిన 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ కనిపిస్తుంది, అనవసరంగా తిరగక్కర్లేదు. దెబ్బల ఫోటోలు, వాట్సాప్ బెదిరింపులు ఉన్న పాత ఫోను మాత్రం మార్చేయకండి. ప్రింట్లు తీసిస్తే సరిపోదు, సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలట. మా చెల్లెలు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయబోతుంటే లాయరమ్మే ఆపారు.

కాపీ రాగానే మూడు జిరాక్సులు తీయించాం. ఒకటి స్టేషన్‌లో ఇచ్చాం, ఒకటి అమ్మ బీరువాలో ఉంది, ఒకటి చెల్లెలి హ్యాండ్‌బ్యాగు పక్క జేబులో ఉంది.