సింగిల్ బిర్యానీయా, ఫ్యామిలీ ప్యాకా?

పళ్లెంలో గుప్పెడు అన్నం వదిలేస్తే ఎండలు ముదురుతాయా అని హైదరాబాద్‌లో వాదించేవాళ్లున్నారు. ఒక్క పళ్లెంతో ముదరవు. కానీ ఊరంతా వదిలేసిన దాంట్లో తడిచెత్తగా వేరు చేయనిది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. గాలాడని కుప్పలో కుళ్లి మీథేన్ వాయువును వదులుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఆ బియ్యం పండినప్పుడు నీరు నిలిచిన వరిమళ్లు వదిలిన మీథేన్ దీనికి అదనం.

ఫ్యామిలీ ప్యాక్‌లో మనిషికి పడే ధర తక్కువే, తినేవాళ్లు నలుగురైతే. ఇద్దరే అయితే ముక్కలు, మసాలా ఏరుకున్నాక తెల్లన్నం మిగిలిపోతుంది. రెండు గంటలకు మించి బయట ఉంచితే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. వాంతులు తెప్పించే దాని విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే తినడం మొదలుపెట్టకముందే సగం తీసి, వెడల్పు గిన్నెలో పల్చగా పరచి, ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

సింగిల్‌తో ఈ అవస్థ లేదు. ఇద్దరికి ఒకటి చెప్పండి, చాలకపోతే ఇంకొకటి. పార్సిల్ డబ్బాలు పెరుగుతాయి, అది నిజమైన లోపమే.

2017లో కేంద్ర మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ హోటళ్లలో వడ్డన పరిమాణం నిర్ణయించే ఆలోచన చెప్పినప్పుడు, సర్కారు జోక్యమేమిటని విమర్శలొచ్చాయి. మెనూలో సింగిల్ పక్కన గ్రాములు రాస్తే ఆ తగువు చాలావరకు తీరుతుంది.