కారు పాసు, డ్రైవర్ సీటు ఫెయిలు

మేం కొన్న కారు కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాటంతా సీటు మీది నుంచి కంపెనీ మీదికి పోతుంది. పైగా ఈ తిప్పలు ఆ ఒక్క బండిలోనే లేవు. తర్వాత వేరే షోరూముల్లో కూర్చుని, టేపు పెట్టి కొలిచి మరీ చెప్తున్నాను.

బండి కాంపాక్ట్ ఎస్‌యూవీ. పెట్రోలు, ఆటోమేటిక్, పైనుంచి రెండో వేరియంటు, ఆన్‌రోడ్ పద్నాలుగు లక్షల పైచిలుకు. నేను తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఉంటాను. పూతలపట్టు అవతల హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పోనూ రానూ వంద కిలోమీటర్లు, అటూ ఇటూగా. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఈ రివ్యూకు ఆ ఎత్తే ముఖ్యం, మైలేజీ కాదు.

మంచి ముందు చెప్పేస్తాను. ఇంజను సాఫీగా ఉంది. మే నెల ఎండలో కూడా చంద్రగిరి చేరకముందే లోపల చల్లబడుతుంది. వెనక సీట్లో మా అత్తమామలు కాళ్ళు చాపుకుని కాణిపాకం పోయొచ్చారు, ఒక్క మాట అనలేదు. వాళ్ళు ఏమీ అనలేదంటే ఐఎస్ఐ మార్కు పడ్డట్టే. సన్‌రూఫ్ మావాడు ఒక్కసారి తెరిచాడు, దుమ్ము పడింది, మూసేశాం.

ఇక డ్రైవర్ సీటు. చూడ్డానికి భలే ఉంటుంది. నల్ల లెదరెట్టు, ఎర్ర దారంతో కుట్లు, రెండు పక్కలా ఎత్తుగా లేచిన బోల్స్టర్లు, లోపలి నుంచి గాలి ఊదే ఫ్యాను. షోరూము అబ్బాయి ఆ ఫ్యాను గురించే పావుగంట చెప్పాడు. టెస్ట్ డ్రైవ్ అంటే రేణిగుంట రోడ్డులో అటు కొంత, ఇటు కొంత, పది నిమిషాల్లో అయిపోయింది. పది నిమిషాలకు ఏ సీటైనా బాగానే ఉంటుంది. నడుము సంగతి తేలేది నలభయ్యో నిమిషంలో.

నాకు సరిగ్గా గాదంకి టోల్‌గేటు దగ్గర మొదలయ్యేది. కుడి పిర్ర పైన, బెల్టు కట్టేచోట పట్టేసేది. పూతలపట్టు వచ్చేసరికి తొడ వెనక నుంచి పిక్క దాకా దిగేది. స్కూల్లో బండి దిగాక వెంటనే నిటారుగా నిలబడలేను. డోరు పట్టుకుని కాసేపు వంగే ఉండాలి. ఒకరోజు నేనట్లా వంగి ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు పరుగెత్తుకొచ్చి, "ఏం పడిపోయింది మేడమ్, మేం వెతుకుతాం" అని కారు కింద దూరారు. ఏం చెప్పను వాళ్ళకు?

మా ఆయన ఐదడుగుల పది అంగుళాలు. ఇదే బండిలో చెన్నై పోయి అదేరోజు తిరిగొచ్చి, "సీటు సూపరు, అలుపే తెలీలేదు" అన్నారు. అబద్ధం కాదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఒక ఆదివారం టేపు తీసుకుని పార్కింగులో కూర్చున్నాను. వీపు ఆనేచోటి నుంచి సీటు ముందంచు దాకా 49 సెంటీమీటర్లు. నా పిర్ర వెనక నుంచి మోకాలి మడత దాకా 45. ఆ మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టే సందు ఉండాలి. సందు సంగతి దేవుడెరుగు, నాకు సీటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంటే మోకాలు మడవడానికి చోటుండదు, బ్రేకు చివరిదాకా తొక్కలేను. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోబెట్టిన ఒకటో తరగతి పిల్ల మాదిరి ఉంటుంది నా వాలకం. కాలు అందాలంటే ముందుకు జరగాలి. జరిగితే నడుము వెనక పిడికిలి పట్టేంత ఖాళీ. భుజాలు మాత్రం సీటుకు ఆనుతాయి, నడుముకు ఆసరా ఉండదు.

అట్లా కూర్చుంటే నడుములో సహజంగా లోపలికుండే వంపు పోయి, వెన్ను బయటికి గుండ్రంగా వంగుతుంది. నిలబడినప్పటికన్నా ఆసరా లేకుండా కూర్చున్నప్పుడే నడుము దగ్గర వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువని స్వీడన్ డాక్టరు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల్లోనే డిస్కులోకి సూది పంపి కొలిచాడు. వీపును కాస్త వెనక్కి వాల్చి, నడుము దగ్గర ఆసరా ఇస్తే ఆ ఒత్తిడి తగ్గుతుందని తర్వాతి కొలతల్లో తేలింది. మన బండిలోనూ 'లంబార్ సపోర్ట్', అంటే నడుముకు ఆసరా, ఉందని బ్రోచరులో రాశారు. ఉంది, కాదనను. కానీ కదలదు. మా ఆయనకు నడుము దగ్గర తగిలే ఆ ఉబ్బు నాకు బ్రా హుక్కు దగ్గర తగులుతుంది. అక్కడ నాకు ఏ ఆసరా అక్కర్లేదు.

ఎత్తు పెంచే లివరుది ఇంకో కథ. దాన్ని పైకి లాగేకొద్దీ సీటు వెనక భాగమే ఎక్కువ లేచి, మొత్తం ముందుకు వాలుతుంది. బానెట్ కనపడాలంటే నేను లేపక తప్పదు. లేపితే జారతాను. జారకుండా ఎడమ కాలితో తన్నిపట్టి కూర్చోవాలి, కుడి కాలు యాక్సిలరేటరు మీద ఉంటుంది కదా. గంటసేపు అట్లా ఒకే కాలి మీద భారం వేస్తే నడుము ఒక పక్కకు మెలిక పడుతుంది. నొప్పి ఎప్పుడూ కుడివైపే ఎందుకొస్తుందో అప్పుడు అర్థమైంది.

స్టీరింగు పైకీ కిందికీ కదులుతుంది. ముందుకూ వెనక్కీ కదిలేది కావాలంటే ఇంకో లక్ష పోసి పై వేరియంటు తీసుకోవాలట. కాళ్ళు అందాలని సీటు ముందుకు లాక్కుంటే స్టీరింగు ఛాతీ మీదికొస్తుంది. అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దానికీ రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ చెప్తుంది. నాకు 21 వచ్చింది. నడుము చూసుకుంటే ఛాతీకి గండం, ఛాతీ చూసుకుంటే బ్రేకు అందదు.

దీనికి తోడు పదిహేడు అంగుళాల చక్రాలు, గట్టి సస్పెన్షను. హైవే మీద తెలీదు కానీ సర్వీసు రోడ్డులోకి దిగితే ప్రతి గతుకూ లెక్కపెట్టొచ్చు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు నాలుగైదు సార్లు వచ్చే కుదుపులకు ఎక్కువగా స్పందిస్తుంది. క్లాసులో ఊయల ఉదాహరణ చెప్పి అనునాదం నేర్పిస్తుంటాను, ప్రయోగం నా నడుము మీదే జరుగుతుందనుకోలేదు.

తిరుమల కొండకు పోయినరోజు సంగతి చెప్పకపోతే కుదరదు. పైకి మా ఆయన నడిపారు. దిగేటప్పుడు నేను కూర్చున్నాను. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, వరసగా మలుపులే. బోల్స్టర్లు వెడల్పాటి మనిషికి కొలత పెట్టి చేసినట్టున్నారు, వాటి మధ్య నేను అటొకసారి ఇటొకసారి జారుతున్నాను. స్టీరింగు తిప్పడం పోయి, దాన్ని పట్టుకుని నిలదొక్కుకోవడం మొదలైంది. అలిపిరిలో ఆపి సీట్లు మారాం. వెనక నుంచి మా అత్త "నాయనా గోవిందా" అంది. భక్తితోనో, బతికామనో తెలీదు.

ఫ్రీ సర్వీసుకు ఇచ్చినప్పుడు కంప్లెయింటు రాయించాను. మొదట, "కొత్త సీటు కదా మేడమ్, ఫోము సెట్ కావాల" అన్నారు. ఫోము నలుగుతుందేమో, పొడవు తగ్గదు కదా అంటే, అడ్వైజరు బాగా ఆలోచించి, "ఇది సీటు ప్రాబ్లం కాదు మేడమ్, మీ హైటు ప్రాబ్లం" అన్నాడు. జాబ్ కార్డులో "సీటు తనిఖీ చేయబడినది, ఓకే" అని రాసిచ్చారు. బిల్లు వెయ్యలేదు, అంతవరకు సంతోషం. మన ఆడవాళ్ళలో నాది మామూలు ఎత్తే. బండి లోపల లైటుకు 64 రంగులు పెట్టినవాళ్ళు సీటు కుషన్ పొడవు మార్చుకునే వీలు ఒక్కటి పెట్టలేకపోయారా? నేను పేపర్లు దిద్దే మనిషిని, మార్కులు వెయ్యకపోతే నిద్ర పట్టదు. డ్రైవర్ సీటుకు నూటికి 28. పాసు కావాలంటే 35 రావాలి.

ఇదే దారిలో ఏళ్ళ తరబడి పాత వ్యాగనార్ నడిపాను. ఎత్తుగా, నిటారుగా ఉండే సీటు, చిన్న కుషను. తొడల కింద ఆసరా చాలదని పొడుగువాళ్ళు తిడతారు దాన్ని. నాకు అచ్చంగా సరిపోయింది.

నొప్పి తగ్గకపోయేసరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోయాను. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తించింది, బొటనవేలు పైకి లేపమని బలం చూసింది. డిస్కు లక్షణాలు లేవు, కండరాలు పట్టేశాయంది. పాదం మొద్దుబారినా, బొటనవేలు లేవకపోయినా, ఒంటేలు మీద పట్టు తప్పినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి పొమ్మంది. కారు నడిపేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట కాబట్టి రాస్తున్నాను. తర్వాత ఒక చేతి టవలు గట్టిగా చుట్టి, రెండు కొసలా రబ్బరు బ్యాండ్లు వేసి, సీటుకూ నడుముకూ మధ్య బెల్టు ఎత్తులో పెట్టుకోమంది. పైసా ఖర్చు లేదు. సగం నొప్పి ఆ టవలుతోనే పోయింది.

అంతకుముందు ఆన్‌లైన్లో తెప్పించిన మెమరీ ఫోము దిండు మాత్రం దండగ. పది సెంటీమీటర్ల మందం, నన్ను ఇంకా స్టీరింగు మీదికి తోసింది. ఎండలో బండి పెడితే మెత్తబడిపోయి ఆసరా అనేదే ఉండదు. టాక్సీవాళ్ళు వేసుకునే పూసల సీటు కూడా చూశాను. చల్లగా ఉంటుంది, నిజమే. జారుడు ఇంకా ఎక్కువ.

చివరికి పని జరిగింది కొర్లగుంట వైపు సీటు కవర్లు కుట్టే ఒక చిన్న షాపులో. షాపు భాయ్ నన్ను సీట్లో కూర్చోమని, "నడిపేటప్పుడు ఎట్లుంటారో అట్లే కూర్చోండి మేడమ్, ఫోటోకి కూర్చున్నట్టు వద్దు" అన్నాడు. నడుము వెనక సందులో చెక్క స్కేలు దూర్చి కొలిచాడు. బ్రేకు పూర్తిగా తొక్కమని మోకాలు చూశాడు. పద్నాలుగు లక్షలు తీసుకున్నవాళ్ళు ఈ పని చెయ్యలేదు.

కంపెనీ ఫోము కొయ్యనన్నాడు, కోస్తే మళ్ళీ రాదని. సీటు పక్కన కుట్టిన ఎయిర్‌బ్యాగ్ ట్యాగు చూపించి, "దీని మీద గుడ్డ వేస్తే అది తెరుచుకునేటప్పుడు అడ్డం పడతాది. ఫుల్ కవర్ కావాలని శానామంది అడుగుతారు, నేను వెయ్యను" అన్నాడు. సీటు వాలు మార్చడానికి, సీటు ముందుకూ వెనక్కీ జరిగే ఇనుప పట్టాల కింద వాషర్లు పెట్టొచ్చా అని మా ఆయన అడిగితే, "గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టుకునేది ఆ బోల్టులే సార్, వాటి జోలికి పోవద్దు" అని తేల్చేశాడు.

రెండు ప్యాడ్లు చేశాడు. వీపుది కింద ఐదు సెంటీమీటర్ల మందంతో మొదలై, పైకి పోయేకొద్దీ పలచబడి భుజాల దగ్గర ఏమీ లేకుండా పోతుంది. పట్టీలు హెడ్‌రెస్టుకు కట్టి, పక్కలు వదిలేశాడు. కూర్చునేది వెనక మందం, ముందుకు పలచన. లివరు పూర్తిగా దించేస్తే సీటు వెనక్కి వాలుతుంది, ఆ వాలులోనే కావాల్సిన ఎత్తు ఈ ప్యాడుతో తెచ్చాడు, కాబట్టి జారుడు పోయింది. ఫోము నలభై డెన్సిటీ. అంటే ఘనపు మీటరు నలభై కిలోలు తూగుతుందని. డెన్సిటీ ఎక్కువైతే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, అవి రెండూ వేరు. ఆ తేడా తెలిసి, ఒకే డెన్సిటీలో రెండు ముక్కలు నా చేత నొక్కించి గట్టిది తీశాడు. మొత్తం 2,200 రూపాయలు. గాలి ఊదే ఫ్యాను ప్యాడు కింద పడిపోయింది, ఇప్పుడది ఎవరికి ఊదుతోందో.

పూర్తిగా సరైపోయిందని చెప్పను. మోకాలి వెనక ఒక వేలు పడుతుంది, రెండు పట్టవు. స్టీరింగుకూ ఛాతీకీ మధ్య 24 వచ్చింది. గాదంకి మాత్రం హాయిగా దాటుతున్నాను. డీఈవో ఆఫీసు పని మీద చిత్తూరు దాకా పోవాల్సొస్తే మధ్యలో ఒకచోట ఆపి, దిగి నాలుగడుగులు నడుస్తాను.

మీరు కొత్త బండి చూడ్డానికి పోతే టేపు తీసుకుపోండి. సేల్స్ అబ్బాయి నవ్వుతాడు, నవ్వనీండి. వీపు ఆనించి కూర్చుని బ్రేకు చివరిదాకా తొక్కండి, మోకాలు కొద్దిగానైనా వంగి ఉందా, వెనక వేళ్ళు పడుతున్నాయా చూడండి. భుజం సీటు మీది నుంచి లేవకుండా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. టెస్ట్ డ్రైవ్ కనీసం అరగంట అడగండి, ఇవ్వకపోతే పక్క షోరూములో ఇస్తారు.

భాయ్ షాపు శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే పోతే రెండు గంటల్లో అయిపోతుంది. కార్డు తీసుకోడు, ఫోన్‌పే ఉంది. నాకు స్కూలుందని మొదటిసారి మా ఆయనను బండితో పంపితే, "నడిపేవాళ్ళు రావాల సార్, మీ కొలత నాకెందుకు" అని తిప్పి పంపేశాడు.