ఉతద హికరు 'ఫస్ట్ లవ్': 'బె' ఇక్కడ, 'రు' అక్కడ

జపాన్ పాప్ స్టార్ ఉతద హికరు ఆల్బం 'ఫస్ట్ లవ్'. జపాన్‌లో ఇంతకు మించి అమ్ముడుపోయిన ఆల్బం ఇప్పటికీ లేదు. 1999 మార్చి 10న తోషిబా ఈఎంఐ విడుదల చేసింది. ఒక్క ఆ దేశంలోనే 76 లక్షలు దాటింది. అప్పటికి ఉతద వయసు 16. ఈ అంకెలు విని వచ్చినవాళ్లు నేరుగా నాలుగో పాటకి, అంటే టైటిల్ పాటకి దూకేస్తారు. అసలు పనితనం మొదటి పాటలోనే ఉంది.

'ఆటోమేటిక్' ఎత్తుగడలో ఫోను ఏడోసారి మోగుతుంది. బెల్లుని జపనీస్‌లో 'బెరు' అంటారు. ఉతద ఆ మాటని మధ్యకి విరిచేశారు: 'బె' దగ్గర ఆగి, 'రు'తో తర్వాతి ముక్క ఎత్తుకుంటారు. చదివితే తప్పులా ఉంటుంది, దరువుతో కలిపి వింటే అక్కడే కుదురుతుంది. జపనీస్‌లో అక్షరాలన్నిటికీ ఇంచుమించు ఒకే కాలం. అలాగే వరసగా పాడుకుంటూ పోతే ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) సంగీతానికి కావలసిన ఊపు రాదు. మాట విరిస్తేనే వస్తుంది. న్యూయార్క్‌లో పుట్టి, రెండు భాషల్లో పెరిగిన చెవి మరి. గొంతులోని ఆ సన్నటి వణుకు వింటే మాత్రం తల్లి ఫుజి కెయికో గుర్తొస్తారు. ఆవిడ 'ఎంక' అనే పాతకాలపు జపనీస్ పాటల శైలిలో పేరున్న గాయని.

రాత్రికి రాత్రి వచ్చిన పేరు అంటారు కానీ, 1998 మొదట్లోనే ఉతద 'క్యూబిక్ యూ' అని పేరు పెట్టుకుని చేసిన ఒక ఇంగ్లిష్ ఆల్బం వచ్చి, పెద్దగా ఎవరికీ పట్టకుండా పోయింది. ఆ డిసెంబరు 9న 'ఆటోమేటిక్' జపనీస్‌లో వచ్చాక కథ మారింది. ఆల్బం వచ్చిన నెలన్నరకి, ఏప్రిల్ 28న, టైటిల్ పాట సింగిల్‌గా వచ్చింది. జపాన్ టీవీ ఛానల్ టీబీఎస్‌లో వచ్చిన సీరియల్ 'మజొ నొ జోకెన్'కి అదే థీమ్ పాట. 2022లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్‌తో మళ్లీ ఇంకో తరం చెవిన పడింది.

ఎన్నిసార్లు విన్నా పాతబడనివి మధ్య పాటలు. 'నెవర్ లెట్ గో'లో ఇంగ్లిష్ గాయకుడు స్టింగ్ పాట 'షేప్ ఆఫ్ మై హార్ట్'లోని గిటారు వినిపిస్తుంది, దాని మీద పాట మాత్రం పూర్తిగా వేరే దారి పడుతుంది. 'ఇన్ మై రూమ్' హెడ్‌ఫోన్స్‌లో వినాలి. 'మూవిన్ ఆన్ వితౌట్ యూ' హుషారుగానే ఉంటుంది కానీ, సింథసైజర్ శబ్దాలు 1999లోనే ఉండిపోయాయి. పన్నెండోది బోనస్, 'ఆటోమేటిక్' రీమిక్స్. పదకొండో పాట అయ్యాక ఆపేస్తే నష్టం లేదు.

పాట నేర్చుకోవాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లో దొరికే సాహిత్యాన్ని నమ్ముకోకండి. చాలాచోట్ల దీర్ఘాలు ఎగరగొట్టేస్తారు, తాళం తప్పేది అక్కడే. తెలుగు లిపిలో రాసుకోండి. ఎ-ఏ, ఒ-ఓ తేడాలు, ద్విత్వాలు అన్నీ మనకున్నాయి. 'త్సు'కి 'చాప'లోని చ దగ్గరగా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: పదం మధ్యలో ద్విత్వం వస్తే అక్కడ ఒక మాత్ర కాలం ఆగాలి. చివర్లో విడిగా వచ్చే 'న్'కీ ఒక మాత్ర ఇవ్వాలి. మింగేస్తే తర్వాతి మాట దరువు కంటే ముందే వచ్చి పడుతుంది.

స్ట్రీమింగ్‌లో వెతికితే 2022 మిక్స్, 2024 మిక్స్ అని కూడా వస్తాయి. మొదటిసారి వినేవాళ్లు ఆల్బం పేజీలోకి వెళ్లి అసలుదే పెట్టుకోండి. సీడీ కావాలంటే, ఇన్ని లక్షలు అమ్ముడైంది కనుక జపాన్ పాత సీడీల కొట్లలో చవగ్గానే దొరుకుతుంది. 'ఆటోమేటిక్' సింగిల్ 8 సెంటీమీటర్ల బుల్లి సీడీగానూ, 12 సెంటీమీటర్ల సీడీగానూ వచ్చింది. బుల్లిది ట్రే మధ్యలోని చిన్న గుంటలో పెట్టాలి. లోపలికి లాక్కునే కారు ప్లేయర్లో పెట్టారో, ఇరుక్కుపోతుంది.