ఆరేళ్లు, 76 వేల కిలోమీటర్లు: సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ సెడాన్‌తో నా అనుభవం

ఐదేళ్ల వయసున్న, 62 వేల కిలోమీటర్లు తిరిగిన కారు కొన్నాను. ఇప్పుడు మీటరు 1,38,000 చూపిస్తోంది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, రెండు టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టి పవర్ పెంచేవి), పవర్ అంతా వెనక చక్రాలకే. ఈ ఆరేళ్లలో పిస్టన్లు, గేర్‌బాక్స్, టర్బోలు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. అయినా రిపేర్లకూ టైర్లకూ కలిపి పెట్టిన ఖర్చు, కారు కొన్న ధరలో సగం దాటింది.

అందులో ఎక్కువ భాగం రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ పోయింది. ఇలాంటి కార్లలో బానెట్ కింద చెయ్యి దూరే సందు ఉండదు. టర్బోల వేడికి గ్యాస్కెట్లు (రెండు భాగాల మధ్య లీకు ఆపే సీళ్లు) గట్టిపడిపోతాయి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ పైపుల ప్లాస్టిక్ కనెక్టర్లు పెళుసెక్కి ముట్టుకుంటే విరుగుతాయి. తక్కువ తిరిగిందని మురిసిపోయి కొనేవాళ్లు ఇది గమనించాలి. కారు షెడ్డులో నిలబడి ఉన్నా రబ్బరుకి వయసు వస్తూనే ఉంటుంది.

మొదట లీకైంది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్. అరచేతిలో పట్టే రబ్బరు ముక్క. దాని ధర, ఆ రోజు మార్చిన ఇంజన్ ఆయిల్ ధరలో ఐదో వంతు కూడా లేదు. బిల్లులో మిగతాదంతా దాని దాకా చేరడానికి విప్పినవాటి లేబరే. అలాగని వదిలేయడానికి లేదు. కారిన ఆయిల్ కిందున్న బెల్టు మీద పడుతుంది. బెల్టు ఉబ్బి జారిపోతే, దాని పీలికలు క్రాంక్ సీల్‌లోకి (ఇంజన్ ప్రధాన షాఫ్టు చివర ఆయిల్ కారకుండా ఆపే సీల్) దూరి ఇంజన్‌కే ఎసరు పెట్టొచ్చు.

అసలు టెన్షన్ పెట్టింది మాత్రం వాటర్ పంప్. నా కారులో అది బెల్టుతో కాదు, కరెంటు మోటారుతో తిరుగుతుంది. మూలుగు లేదు, లీకు లేదు, ఉన్నట్టుండి ఆగిపోయింది. హైవే మీద డ్యాష్‌బోర్డులో వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చింది, పవర్ తగ్గింది. వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను. ఇంకో రెండు కిలోమీటర్లు నెట్టుకెళ్లి ఉంటే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోయే ప్రమాదం ఉండేది. పంపుతోపాటు పక్కనే ఉన్న, కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా మార్పించాను, ఎందుకంటే దానికీ విప్పాల్సినవి అవే. అప్పటినుంచీ ఏది విప్పినా ఆ చుట్టుపక్కల పాతబడినవన్నీ ఒకేసారి మార్పిస్తున్నాను. లేబర్ ఒక్కసారే పడుతుంది.

అనవసరంగా పోయిన డబ్బు కూడా ఉంది. ఒకసారి ఇంజన్ వణికితే, మొదట చూపించిన చోట ఇంజెక్టర్ పోయిందన్నారు. మార్చారు, వణుకు తగ్గలేదు. రెండో మెకానిక్ మూడో సిలిండర్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) తీసి ఐదో దానికి పెట్టాడు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) కూడా దాంతోపాటే ఐదుకి వెళ్లింది. పావుగంటలో తేలిపోయింది, మార్చాల్సింది కాయిల్ అని. అందుకే నా ఉద్దేశంలో ఈ కార్లకి మంచి షెడ్డు కంటే, అంచనా మీద పార్టులు మార్చని మెకానిక్ ముఖ్యం.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులని కడిగేది ఏదీ ఉండదు. వాటిమీద మసి పేరుకుంటుంది. లక్ష దాటాక అక్రోట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయించాను. ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే తీరు) మళ్లీ కొత్తకారులా నిలబడింది, పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇంకే పనిలోనూ చూడలేదు. టైర్ల సంగతి ఒక్క మాటలో: ముందువి ఒక సైజు, వెనకవి ఒక సైజు, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి వాడుకోవడం కుదరదు, వెనకవి నాకు 20 వేల కిలోమీటర్లకే అరుగుతున్నాయి.

నా ఇంజన్ నయమే అనిపించేది వేరే కార్ల గురించి తెలిసినప్పుడు. 2005లో వచ్చిన వి10 బీఎండబ్ల్యూ ఎం5లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్టుకి కలిపే కడ్డీ) బేరింగులు అరిగిపోవడం అందరికీ తెలిసిన సమస్య. చాలామంది ఓనర్లు అవి పాడవకముందే మార్పించుకుంటారు. అదే కాలపు వి8 ఆడి ఎస్4లో టైమింగ్ చైన్లు ఇంజన్ వెనకవైపు ఉంటాయి, వాటి ప్లాస్టిక్ గైడ్లు విరిగితే ఇంజన్‌నే బయటికి దించాలి. కారు ఎంత చవకగా దొరికినా పార్టుల ధర మాత్రం కొత్త కారుదే.

కొనేముందు ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి వినండి. మీరు వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు రండి. లిఫ్ట్ ఎక్కించి కింది నుంచి చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం వస్తుందంటే నమ్మొద్దు. ఈ తరహా కార్లకి గేర్‌బాక్సులు చేసే జెడ్ఎఫ్ కంపెనీయే, వాడకాన్ని బట్టి 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను 90 వేల దగ్గర మార్పించాను.

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో అది లాగే తీరు ఇప్పటికీ నా గుండె వేగం పెంచుతుంది. ప్రస్తుతం ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) గ్యాస్కెట్ చెమరుస్తోంది. దానికి ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింద ఉండే లోహపు చట్రం) దించాలి, దించినప్పుడే ఇంజన్ మౌంటింగులు కూడా మార్పించాలి. రెండింటికీ డబ్బు పక్కన పెడుతున్నాను. ఈలోగా రాత్రిపూట కారు కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చుక్కలు లెక్కపెడుతున్నాను. నిన్న రెండు పడ్డాయి.