హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సని 68,000 కట్టాను, మీరు కట్టకండి

ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. మెట్రోలో రాయడం మొదలుపెట్టా, హాస్టల్ గుమ్మంలో కూర్చుని పూర్తి చేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

ఏ ఇన్‌స్టిట్యూటో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఇంతకుముందు ఒకమ్మాయి రివ్యూ పెడితే లీగల్ నోటీసు అని బెదిరించారట, అందుకే పేరు రాయను. అమీర్‌పేట, మూడో అంతస్తు, కింద జిరాక్స్ షాపు. (అమీర్‌పేటలో సగం బిల్డింగులు ఇలాగే ఉంటాయని నాకూ తెలుసు.) ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్ విత్ మెడికల్ కోడింగ్, 100 శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని పోస్టర్లు అతికించేది వీళ్లే. (మెడికల్ కోడింగ్ అంటే జబ్బుల్ని, చికిత్సల్ని ఇన్సూరెన్స్ బిల్లుల కోసం కోడ్ నంబర్లుగా మార్చే పని.)

నాది బీఎస్సీ బీజెడ్‌సీ. నీట్‌లో ర్యాంకు రాలేదు, నర్సింగ్ ఇంట్లో వద్దన్నారు. సూది పట్టుకోకుండా ఆసుపత్రిలో పనిచేసే దారి ఉందా అని వెతుకుతుంటే వీళ్లకు దొరికాను. ఫీజు 68,000. అమ్మ చీటీ ఎత్తి 20,000 ఇచ్చింది. మిగతా 48,000 ‘జీరో కాస్ట్ ఈఎంఐ’, నెలకు 4,000. ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అది ఇన్‌స్టిట్యూట్‌కి కట్టే వాయిదా కాదట. నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పట. ఆ డబ్బంతా అప్పుడే వీళ్ల ఖాతాలో పడిపోయిందట. ఈ ‘అట’లన్నీ నాకు తెలిసింది క్లాసులు మానేద్దామని అడిగిన రోజున. చదువుకున్నదాన్నే, ఏం లాభం.

క్లాసుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పుస్తకాలు ఫీజులోనే అన్నారు, స్పైరల్ బైండింగ్ వేసిన జిరాక్స్ ఇచ్చారు. ఏ సంవత్సరం పుస్తకమో తెలియకుండా మొదటి పేజీలు లేవు. కోడింగ్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, అమెరికా బిల్లులకు వాడే సీపీటీ కోడ్‌లు (చికిత్సలవి) ప్రతి జనవరి 1న, ఐసీడీ కోడ్‌లు (జబ్బులవి) ప్రతి అక్టోబర్ 1న మారతాయి. నాకు తెలియదు. సారు చెప్పింది చెప్పినట్టు బట్టీ పట్టాను.

ప్లేస్‌మెంట్ అంటే ఏంటో కూడా చెప్తా. వాట్సాప్‌లో వాక్-ఇన్ ఇంటర్వ్యూల మెసేజ్‌లు ఫార్వర్డ్ చేస్తారు. అవి నాకు అంతకుముందే వేరే గ్రూపుల్లో వచ్చి ఉంటాయి. అలాంటి ఒకదానికి పోయిన వారం వెళ్లాను. కొత్త పేషెంట్ ఓపీకి వస్తే ఏ కోడ్‌లు వాడతామని అడిగారు. 99201 నుంచి 99205 దాకా అని గడగడా చెప్పేశా. ఆవిడ పెన్ను కింద పెట్టి, ‘99201 లేదమ్మా, 2021 జనవరిలోనే తీసేశారు. ఎక్కడ నేర్చుకున్నావు?’ అన్నారు. పేరు చెప్పాను. ‘ఓహో’ అన్నారు. అంతకుముందు రోజు వచ్చిన ఇద్దరు కూడా అక్కడివాళ్లేనట.

సరే, ఇవాళ్టి సంగతికి వస్తా.

చేరిన రోజు అక్కడ అడ్మిషన్లు చూసే కౌన్సెలర్ ఎలా ఉన్నాడో ముందు చెప్పాలి. మేం లోపలికి అడుగు పెట్టగానే చల్లటి వాటర్ బాటిళ్లు. నేను ‘మేడమ్’, మా అమ్మ ‘అమ్మగారూ’. ‘మీ పాప మూడేళ్లలో యూనిట్ హెడ్ అమ్మగారూ, డాక్టర్లు కూడా వచ్చి సంతకాలు పెట్టించుకోవాలి’ అన్నాడు. మా అమ్మ అది ఊళ్లో ఎంతమందికి చెప్పుకుందో.

ఇవాళ మళ్లీ వెళ్తే గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, ‘ఏమ్మా, ఏంటి నీ ప్రాబ్లమ్?’

ఓడ దాటాక నేను బోడి మల్లన్నని అయిపోయానని అక్కడే అర్థమైంది. అయినా నెమ్మదిగానే అడిగాను. గ్యారంటీ అన్నారు కదా సార్, ఉద్యోగమైనా చూపించండి, సగం డబ్బైనా వెనక్కి ఇవ్వండి అని. నా అప్లికేషన్ తీయించాడు. ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంది. దాని మీద వేలు పెట్టి, ‘గ్యారంటీ అని ఎక్కడుందో చూపించు’ అన్నాడు. ఫోన్‌లో పోస్టర్ ఫోటో చూపించాను.

‘పోస్టర్ మీద సంతకం పెట్టావా?’ అన్నాడు.

పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. వాళ్లు నాకు క్లాసులు చెప్పినవాళ్లే.

తర్వాత జాలిపడ్డట్టు, ‘ఒకటుంది, చేస్తావా? కూకట్‌పల్లిలో క్లినిక్, నైట్ డ్యూటీ, 9,000. కావాలంటే పేషెంట్ కేర్ మేనేజర్ అని డెజిగ్నేషన్ రాయిస్తా’ అన్నాడు. రిసెప్షన్‌లో కూర్చుని టోకెన్లు రాసే పని. వచ్చిన దాంట్లో 4,000 ఈఎంఐకి పోతే మిగిలిన ఐదు వేలతో హాస్టల్‌లో ఉండి నేను యూనిట్ హెడ్ అవ్వాలి.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ఒకమ్మాయి, వాళ్ల అమ్మ లోపలికొచ్చారు. చేతిలో ఫైల్, ఊరి నుంచి బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నారు. వీడి మొహం ఎట్లా మారిపోయిందో చూడాలి. లేచి నిలబడ్డాడు. ‘రండి మేడమ్, అమ్మగారూ కూర్చోండి, ఫ్యాన్ కిందకి రండి.’ బాయ్‌ని పిలిచి వాటర్ బాటిళ్లు తెప్పించాడు.

నేను ఏమీ అనలేదు. నా కోపం దీని మీదే ఎక్కువ. వాడి మీద కంటే నా మీదే. అక్కడే నిలబడి, అమ్మా కట్టకండి అని ఒక్క ముక్క చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. ఏడుపొస్తుందేమోనని భయపడి మెట్లు దిగి వచ్చేశాను.

మా పెద్దమ్మ కొడుకు ఒక పెద్ద ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌లో చేస్తాడు. ఇందాక ఫోన్ చేస్తే తిట్టాడు, ముందు నన్నెందుకు అడగలేదని. బిల్లింగ్, టీపీఏ డెస్క్ (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసేది), ఆరోగ్యశ్రీ కౌంటర్, మెడికల్ రికార్డ్స్, వీటికి ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఏదైనా డిగ్రీ, కంప్యూటర్, నాలుగు భాషల్లో ఓపిగ్గా మాట్లాడే నోరు చూస్తారట, మిగతాది వాళ్లే నేర్పిస్తారట. వాడు కూడా అట్లాగే చేరాడు, రూపాయి కట్టలేదు. మేనేజ్‌మెంట్ వైపే వెళ్లాలంటే సరైన పీజీ చెయ్యాలి, మన నిమ్స్‌లోనే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీ ఉంది కదా అన్నాడు. పంజాగుట్టలో నిమ్స్ ముందు నుంచే రోజూ బస్సులో అమీర్‌పేట క్లాసుకి వెళ్లానండీ నేను. ఇక కోడింగ్‌కైతే కంపెనీలు అడిగేది సీపీసీ. అది ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెట్టే పరీక్ష, 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. వీళ్లిచ్చిన సర్టిఫికెట్‌కి లామినేషన్ డబ్బులు కూడా దండగ అన్నాడు. నేను అప్పటికే చేయించాను.

సీపీసీ పరీక్ష ఫీజు కూడా మాదే అన్నారు చేరేటప్పుడు. ఇప్పుడది ‘సెపరేట్ అమ్మా’.

మీరేం చెయ్యాలంటే, కట్టేముందు రసీదు మీద ఏం రాస్తున్నారో చూడండి (నాది ‘కన్సల్టెన్సీ ఛార్జీలు’ అని ఉంది, ఇవాళే చూసుకున్నా). ట్యాబ్ ఇస్తే అప్పు ఎవరి పేరు మీదో అడగండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం యాప్‌లో తీసుకున్న లోన్‌ని మొదట్లోనే పెనాల్టీ లేకుండా వదిలించుకునే చిన్న గడువు ఉంటుంది, అసలు, అన్నాళ్ల వడ్డీ కట్టాలి. నాకు ఆ గడువు పోయి నెలలైంది. రేపు 1915కి ఫోన్ చేస్తున్నా. అది వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌లో కేసు వేస్తా, 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు కూడా లేదట. మా బ్యాచ్‌వాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ చెయ్యండి, కలిసి వేద్దాం. పోస్టర్ ఫోటోలు ఉంటే డిలీట్ చెయ్యకండి.

ఇవాళ మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడికి వచ్చిన ఆకుపచ్చ చున్నీ అమ్మాయీ, నువ్వు ఇది చూస్తావో లేదో. తలుపు దగ్గర నీకు అడ్డం తప్పుకుని మెట్లు దిగిపోయింది నేనే. ట్యాబ్ మీద సంతకం పెట్టేసి ఉంటే ఈ రాత్రికే ఆ ఫైనాన్స్ కంపెనీకి లోన్ వద్దని మెయిల్ పెట్టు. మీ అమ్మ దగ్గరున్న డబ్బు ఇంకా ఇవ్వకపోతే, ఇవ్వనివ్వకు.