అమ్మ కళ్లతో రాష్ట్రపతి భవన్

ఢిల్లీలో మాకున్నవి రెండే రోజులు. కరోల్ బాగ్‌లో దిగిన లాడ్జి అంతంతమాత్రం. ఫొటోలో కనిపించిన కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్లకి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. కానీ మెట్రో దగ్గర. రాజీవ్ చౌక్‌లో లైను మారితే సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగొచ్చు. అందుకే సర్దుకున్నాం.

రాష్ట్రపతి భవన్ టికెట్ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేశాను, మనిషికి 50 రూపాయలు. ఒరిజినల్ ఆధార్ మర్చిపోవద్దు. సెక్యూరిటీ దగ్గర ఫోన్లు ఇచ్చేశాం.

మొత్తం 340 గదులు. మనకి చూపించేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దర్బార్ హాలుకి 2024లో గణతంత్ర మండపం అని పేరు మార్చారు. 1947 ఆగస్టు 15న నెహ్రూ ప్రమాణం చేసింది ఇక్కడే. నడినెత్తిన రెండు టన్నుల షాండ్లియర్, 33 మీటర్ల ఎత్తు నుంచి వేలాడుతోంది. అమ్మ మాత్రం గుప్తుల కాలం నాటి బుద్ధుడి దగ్గర ఆగిపోయి, వెనకవాళ్లు వచ్చేసినా కదల్లేదు.

నాకు నచ్చింది అశోక మండపం. ఒకప్పుడు వైస్రాయ్‌ల డ్యాన్స్ హాలు, అందుకే కింద చెక్క. పైకప్పు మధ్యలో తోలు మీద గీసిన పెద్ద బొమ్మ, పర్షియా రాజు ఫత్ అలీ షా కొడుకులతో వేటాడుతుంటాడు. ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి చూశాను. ఎక్కడ నిలబడ్డా నన్నే చూస్తున్నట్టుంది. మెడ పట్టేసింది గానీ, ఇంకో పది నిమిషాలు ఇస్తే బాగుండేది.

రాజాజీ (రాజగోపాలాచారి) గవర్నర్ జనరల్‌గా వచ్చినప్పుడు వైస్రాయ్ గదులు వద్దని చిన్న గదుల్లోకి మారారట. "ఊడ్చే బాధ తెలిసిన పెద్దాయన" అంది అమ్మ.

బాంకెట్ హాల్లో బల్ల పొడవునా 104 మంది కూర్చోవచ్చు. గోడల మీద మాజీ రాష్ట్రపతుల చిత్రాలు. నేను వి.వి. గిరి, సంజీవరెడ్డి గార్ల కోసం వెతుకుతుంటే, "ఇంతమందికి ఒకేసారి ఎలా వడ్డిస్తారు బాబూ?" అని అమ్మ గైడ్‌ని అడిగింది. చిత్రాల పైన చిన్న రంగు లైట్లున్నాయి. అవి చూసి వడ్డించేవాళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు పళ్లేలు తీయాలో తెలుసుకుంటారట. టూర్ మొత్తంలో అమ్మ ముఖం వెలిగింది అక్కడే.

గుర్రపుశాలల్లో పెట్టిన మ్యూజియానికి వేరే టికెట్. బాగానే ఉంటుందట, కానీ ఆకలి ఆగలేదు. ఆటో ఎక్కి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లాం. పప్పు, పొడి, నెయ్యి. అడక్కుండానే అన్నం మళ్లీ పడింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు.

"వీళ్లకీ ఒక ఎర్ర లైటు పెట్టించాల్రా" అంది.